గంట గోపురానికి నిలువెత్తు బెల్లం

మా అవ్వ ఈ మొక్కు మొక్కింది గుడికి కాదు, దర్గాకు కాదు, గోడకు వేలాడే క్యాలెండర్‌కి.

మంచిర్యాలలో మాది కిరాణా దుకాణం. నేను అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాను. పెట్టింది బాపు, ఇప్పుడు గల్లా దగ్గర కూర్చునేది నేను. మా ఆయనకు మందమర్రి బొగ్గుబాయిలో డ్యూటీ. ఆయన భూమి కిందికి దిగుతాడు, నేను తక్కెడ ముందు కూర్చుంటాను. మా ఇద్దరిలో ఎక్కువ మసి అంటేది నాకేనని ఆయన అంటుంటాడు, నా బేరాల గురించి.

కొత్త ఏడాది వస్తుందనగా ప్రతి ఏజెంటూ ఒక క్యాలెండర్ ఇచ్చిపోతాడు. పప్పుల ఏజెంటు లక్ష్మీదేవిని ఇస్తాడు, నూనెల ఏజెంటు వెంకన్నను ఇస్తాడు. ఒక ఏడాది జీడిపప్పు ఏజెంటు గోవా చర్చి బొమ్మ ఉన్న క్యాలెండర్ ఇచ్చాడు. తెల్లటి చర్చి, దాని పక్కనే ఎత్తైన గోపురం, గోపురం పైకమానులో ఒక పెద్ద గంట. మా దుకాణంలో బియ్యం బస్తాల వెనక గోడకు చెమ్మ పట్టి సున్నం రాలుతుండేది. ఆ మచ్చను పూర్తిగా కప్పే సైజు ఆ ఒక్క క్యాలెండర్‌కే ఉండటంతో బాపు అక్కడ మేకు కొట్టి దాన్ని తగిలించాడు. మా దుకాణంలోకి క్రీస్తు వచ్చింది ఆ దారినే.

అప్పుడు నా బిడ్డకు నాలుగేళ్ళు నిండాయి. మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయి, పక్కగదిలో చాక్లెట్ కాగితం విప్పినా పరుగెత్తుకొచ్చేది. కరీంనగర్‌లో డాక్టరు అన్నీ పరీక్షించి, కొందరు పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారు, ఓపిక పట్టమన్నాడు. మా దుకాణంలో ఎప్పుడూ స్టాకు ఉండని సరుకు అదొక్కటే. అవ్వ వేములవాడ పోయి కోడెను కట్టింది, బాసర పోయి పలక పట్టించింది, దర్గాకు పోయి తాయెత్తు తెచ్చింది. చివరికి ఒక మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, బియ్యం బస్తా మీద కూర్చుని ఆ క్యాలెండర్‌ను కన్నార్పకుండా చూసింది.

“గీ దేవునికి గంత పెద్ద గంటున్నది” అంది. “ఊరంత వినవడే ఆవాజ్ ఆయన దగ్గర పెట్టుకున్నడు. అండ్లకెల్లి జరంత మన పోరికిస్తె ఏం తక్కువైతది?”

“గా దేవునికి మన భాష తెల్వది” అన్నాడు బాపు.

“పోరికి గూడ తెల్వదు గదా. ఇద్దరికిద్దరు.”

అలా అని లేచి నిలబడి, కొంగు నిండా కప్పుకుని మొక్కింది. పోరి నోరు తెరిస్తే పోరి ఎత్తు బంగారం తెచ్చి నీ గోపురం కాడ ఇస్తానంది.

బంగారం అంటే మీరు భయపడనక్కర్లేదు, బాపు కూడా భయపడలేదు. మా దిక్కు సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నవాళ్ళు పిల్లలను తక్కెడలో కూర్చోబెట్టి వాళ్ళ బరువుకు సరితూగే బెల్లం ఇస్తారు. ఆ మొక్కు బెల్లాన్నే బంగారం అంటాం. అవ్వకు తెలిసిన మొక్కుల్లో అన్నిటికన్నా పెద్దది అదే. దాన్ని కాదనే దేవుడు భూమ్మీద ఉంటాడని ఆమెకు తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక రోజు ఒకావిడ కందిపప్పు బేరం చేస్తోంది. నేను వంగి సంచి తీస్తుండగా, గల్లా మీద కూర్చున్న నా బిడ్డ ఆమె ముఖంలోకి చూసి స్పష్టంగా “పడది” అంది. ఆ ధరకు గిట్టదని నేను రోజంతా అనే మాట. అమ్మ అనలేదు, నాన్న అనలేదు, అమ్మమ్మ అనలేదు. కందిపప్పు కొనడానికి వచ్చినావిడ కూడా సంతోషపడిపోయి నేను చెప్పిన ధరకే తీసుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఇంకెవరికీ మాట్లాడే వంతు రాలేదు.

ఎవరి వల్ల మాట వచ్చిందో నేను చెప్పలేను. వేములవాడకు కోడె అందింది, దర్గాకు చాదర్ అందింది, డాక్టరుకు ఫీజు అందింది. అందనిదల్లా గోవా చర్చికే. గోవా అంటే దూరం, దుకాణం మూస్తే గిరాకీ పక్కవాడికి పోతుంది, దసరా పోనీ, పెళ్ళిళ్ళ సీజన్ పోనీ అంటూ ఏళ్ళు గడిపాను. ఈలోగా బిడ్డకు తొమ్మిదేళ్ళు వచ్చాయి. దాంతోపాటు బెల్లం కూడా పెరిగింది.

“మొక్కిన నాటి తూకమే లెక్కకొస్తది” అన్నాను నేను. “ఆర్డర్ ఇచ్చిన నాటి రేటే గదా నడిచేది.”

“మొక్కంటే ఆర్డరానే?” అంది అవ్వ. “పోరిని గింత చేసిన దేవునికి చిన్నప్పటి తూకం చూపిస్తవా? సిగ్గుండాలె.”

“పోనీ, నీది కాదు నాది కాదు, నడుమ తూకం పెట్టుకుందాం.”

పేపరు చదువుకుంటున్న బాపు తల ఎత్తకుండానే తీర్పు చెప్పాడు. “మీరు కొట్లాడినన్ని దినాలు పోరి పెరుగుతనే ఉంటది. జల్ది తెంపుకోండ్రి.”

చివరికి తూచే నాటి తూకమే ఖాయమైంది. అయినా వాయిదా వేసేదాన్నే. కానీ పోయిన చలికాలం బిడ్డకు జ్వరం వచ్చి గొంతు పూర్తిగా పోయింది. డాక్టరు మందులిచ్చాడు, వారం దాటాక గొంతు తిరిగొచ్చింది. మాకు తగ్గింది, అవ్వకు తగ్గలేదు. “గిది జ్వరం కాదు. ఇచ్చినాయన యాది చేస్తుండు” అంది. ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టం పెట్టింది. ఆ గొంతు ఇంకా మనది కాదు, అరువు తెచ్చుకున్నది, మొక్కు తీరేదాకా జర చూసుకుంటూ వాడాలి. పోరి నోరు తెరిస్తే చాలు, అవ్వ పెదవుల మీద వేలు పెట్టేది.

పిల్ల గుసగుసలాడటం మొదలుపెట్టింది. అమ్మమ్మంటే దానికి ప్రాణం, అందుకే విన్నది. దుకాణంలో గిరాకీకి ధర కూడా చెవిలో చెప్పినట్టు చెప్పేది. దాంతో ఒక చిత్రం జరిగింది. ధర రహస్యంగా చెబుతున్నారంటే తమకొక్కరికే తక్కువకు ఇస్తున్నారని జనం అనుకుని, మారు మాట్లాడకుండా కొనుక్కుని పోయేవాళ్ళు. నాకు లాభమే. బిడ్డ నోరు కట్టేసి వ్యాపారం చేసుకునే తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అయితే బడిలో పొద్దుటి ప్రార్థనప్పుడు మైకు లేకుండా ప్రతిజ్ఞ చదివించే పని దాని క్లాసుకు వచ్చింది. టీచరు దాన్నే ఎంచింది. అవ్వ కుదరదంది, అంత పెద్దగా అరిచి ఒర్రితే ఉన్న గొంతు పోతుందంది. ఆ సాయంత్రం బిడ్డ నా పక్కన కూర్చుని, గల్లా మీద గీతలు గీస్తూ, “అమ్మా, మొక్కు జల్ది తీర్చుకుందామా?” అని అడిగింది. గుసగుసగానే. ఆ రోజే టికెట్లు తీసుకున్నాను.

తూకం దుకాణంలోనే వేశాం. ఎలక్ట్రానిక్ కాంటా మీద మొక్కు తూచకూడదని అవ్వ పట్టుబట్టడంతో, అటక మీద పడేసిన పాత పెద్ద తక్కెడను బాపు దించి, దూలానికి కట్టాడు. ఒక పళ్ళెంలో బిడ్డ, ఒక పళ్ళెంలో బెల్లం. నేను దాని బూట్లు, బెల్టు, జడలోని క్లిప్పులు కూడా తీయించాను. అవ్వ పొద్దున్నే దానికి ఇడ్లీలు కూరి కూరి పెట్టి, పైన మజ్జిగ తాగించింది. పక్కన ట్రంకు పెట్టెల దుకాణం నడిపే చాచా, బాపుకు చిన్ననాటి దోస్తు, తమాషా చూడ్డానికి వచ్చి నిలబడ్డాడు.

“బేటీ, జర ఊపిరి ఆపుకో” అన్నాడు పిల్లతో. “మీ అమ్మకు ఫాయిదా.”

“చాచా, నువ్వు గూడ గట్లంటవా?” అన్నాను నేను.

“నేనంటలేను. నీ మొకం అంటుంది” అని అవ్వ వైపు తిరిగాడు. “భాభీ, చూస్తున్నవా, ముల్లు జర కదిలితె నీ బిడ్డ బెల్లం తీసేటట్టున్నది.”

ముల్లు నడిమికి వచ్చాక కూడా అవ్వ ఇంకో ముద్ద వేసింది. దేవుని దిక్కు మొగ్గు ఉండాలంది. మా బాపు ఏ గిరాకీకీ ఇవ్వని మొగ్గు అది. తర్వాత సుత్తెతో ముద్దలన్నీ చిన్న చిన్న ముక్కలు చేసి, గుడ్డ సంచుల్లో నింపి మూతి కట్టాం. దుకాణం చూసుకోవడానికి బాపు ఉండిపోయాడు, మా ఆయనకు సెలవు దొరకలేదు. మేం ముగ్గురం, అవ్వ, నేను, బిడ్డ, సికింద్రాబాద్‌లో బండి మారి గోవా చేరాం. దారిలో మా బోగీలోని చీమలన్నీ మా బెర్తు కిందే ప్రయాణం చేశాయి.

స్టేషను బయట టాక్సీవాడితో నేను బేరమాడాను. అతను అడిగినదాంట్లో సగం చెప్పాను. అతను సరేనన్నాడు. అంత తొందరగా సరేనన్నాడంటే పావు చెప్పి ఉండాల్సిందని దారంతా కుమిలిపోతూ కూర్చున్నాను. కొబ్బరిచెట్లు, వంతెనలు, ఎర్రమట్టి అన్నీ నా పక్క కిటికీలోంచి పోయాయట, నేను చూడలేదు.

చర్చి మాత్రం చూశాను. దిగగానే అవ్వ చేతులు జోడించి, “గదే” అంది. క్యాలెండర్‌లో అరచేతంత ఉన్న గోపురాన్ని ఇక్కడ చూడాలంటే మెడ వెనక్కి వంచాలి. ఎర్రరాతితో కట్టి సున్నం పూశారు, వానలకు అక్కడక్కడా నల్లబడింది. అంతస్తు అంతస్తుకూ సన్నబడుతూ పోయి పైన కమానుల్లో గంట. వెనక నది, నది దాటితే సముద్రం. వెనకటి రోజుల్లో పడవలవాళ్ళు ఈ గోపురాన్ని చూసే ఒడ్డు పోల్చుకునేవాళ్ళని బయట బోర్డు మీద హిందీలో రాసి ఉంది. దాని కిందే ఈ చర్చి బరోక్ పద్ధతిలో కట్టిందని కూడా రాసి ఉంది. బరోక్ అంటే ఏమిటో బోర్డు చెప్పలేదు. లోపలికి పోయాక నాకే తెలిసింది.

బరోక్ అంటే ఖాళీ వదలకపోవడం. పీఠం వెనక గోడంతా నేల నుంచి కప్పు దాకా బంగారు పూత. స్తంభాలు నిలువుగా నిలబడక పేనిన తాడులా మెలికలు తిరిగి పైకి పోయాయి. మెలికల మీద ద్రాక్ష తీగలు, తీగల్లో పిట్టలు, పిట్టల పైన బుగ్గలు పూరించిన రెక్కల పసిపిల్లలు. పసిపిల్లల మధ్య కాస్త జాగా మిగిలిందనుకుంటే అక్కడొక గవ్వ చెక్కారు. దసరా ముందు మా దుకాణం సర్దేటప్పుడు బాపు ఇదే మాట అంటాడు, జానెడు జాగా కనబడినా గిరాకీ కన్ను అక్కడ్నుంచి జారి బయటికి పోతదని. ఇది కట్టినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. నా కన్ను ఎటూ జారలేదు. నోరు తెరుచుకుని అలాగే చూస్తూ ఉండిపోయాను, ఈ పూత ఎన్ని తులాలు పట్టి ఉంటుందని ఆలోచన రావడానికి కూడా చాలాసేపు పట్టింది. నాకు అంతసేపు పట్టడమే చాలా ఎక్కువ.

అవ్వ తల ఊపింది. “మంచిగ బతికిన దేవుడే” అంది.

పిల్ల కప్పు వైపు చూస్తూ నా చెవిలో, “అమ్మా, గిక్కడ మాట్లాడితె ఎంత పెద్దగ వినవడ్తదో గదా” అంది.

ఫాదర్ పక్కగదిలో దొరికాడు. ముసలాయన, తెల్లటి పొడుగు అంగీ, కాళ్ళకు క్యాన్వాస్ బూట్లు. నాకొచ్చిన హిందీ చాచా దుకాణం ముందు నేర్చుకున్నది, అయినా విషయమంతా చెప్పాను. ఆయన చిరునవ్వుతో విని, పిల్ల తల నిమిరి, “తూకం వేసి ఇచ్చే కానుకలు మేం తీసుకోం తల్లీ. ప్రార్థన చేసుకోండి, అది చాలు” అన్నాడు.

దుకాణదారుల ఇంట్లో పెరిగినవాళ్ళకు వద్దు అనే మాట వినబడితే బేరం మొదలైందనే అర్థం. నేను సర్దుకుని నిలబడ్డాను. “అయితే సగం తీసుకోండి” అన్నాను. ఆయన వద్దన్నాడు. పావు అన్నాను. వద్దన్నాడు. సరుకు మేలైనదన్నాను, ఒక ముక్క నోట్లో వేసుకుని చూడమన్నాను, గోపురం కింద ఒక మూల పెట్టిపోతాం, చీమలు పడితే మా పూచీ అన్నాను. ఆయన నవ్వాడు, వద్దన్నాడు. ఇక నా దగ్గర మిగిలింది ఆఖరి ఆయుధం. సంచి భుజానికెత్తి, “సరే, మరి పోయొస్తాం” అని గుమ్మం వైపు నడిచాను. ఎంత నెమ్మదిగా నడవాలో నాకు తెలుసు. గుమ్మం దాటకముందే వెనక్కి పిలుపు వస్తుంది. చీరల దుకాణంలో వచ్చింది, స్టీలు సామాన్ల దుకాణంలో వచ్చింది, పెళ్ళిచూపుల్లో కూడా వచ్చింది.

ఇక్కడ రాలేదు. బయటికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆయన దగ్గర అమ్మేది లేదు, ఆయనకు కొనేది లేదు. అలాంటి మనిషితో బేరం ఎలా ఆడాలో బాపు నాకు నేర్పలేదు.

అవ్వ గోపురం మొదట్లో అరుగు మీద కూర్చుని ఉంది, పక్కన సంచులు.

“తీస్కున్నడా?”

“తీస్కోలే.”

“నువ్వు బేరం జేసినవా?”

నేను భుజం మీది సంచి దించి మిగతావాటి పక్కన పెట్టాను. అవ్వ పిల్లను దగ్గరికి లాక్కుని దాని గొంతు మీద చెయ్యి వేసింది. మెల్లగా, పగిలే వస్తువును పట్టుకున్నట్టు. “ఇయ్యకుంట ఎట్ల పోతమే” అంది. “ఇంత దూరమొచ్చి గూడ తీరకపోతె ఇగ ఎన్నడు తీరుతది?” పిల్ల ముఖం చూస్తే తెలుస్తోంది, ప్రతిజ్ఞ ఇంకెవరో చదువుతారని అది అప్పటికే అనుకుంది. నా బిడ్డ బతుకంతా ఇలా గుసగుసగానే మాట్లాడుతుందా అనిపించింది.

కాసేపటికి ఫాదరే బయటికి వచ్చాడు. మేం ఇంకా అక్కడే ఉన్నామని చూసి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అవ్వ లేచింది. హిందీ రాదు కదా, ఏం చేస్తుందోనని నేను ముందుకు వచ్చేలోపే మరాఠీ మొదలుపెట్టింది. అవ్వ పుట్టింది మరాఠీ సరిహద్దులోని బోథ్ దగ్గర, వాళ్ళ దిక్కు సంతకు వచ్చేవాళ్ళలో సగం మంది మరాఠీవాళ్ళే. నాకు అర్థమవుతుంది గానీ మాట్లాడరాదు. ఫాదర్ కొంకణిలో జవాబిచ్చాడు. రెండు భాషలూ అక్కాచెల్లెళ్ళలా ఒకదాని మాట ఒకటి అందుకున్నాయి.

“బాబా, మీ దగ్గర మొక్కు ఎవరు తింటరు?” అని అడిగింది అవ్వ.

పండుగ నాడు ఇచ్చేవాళ్ళు బియ్యం ఇస్తారని, వండేవాళ్ళు వండుతారని, దారిన పోయేవాళ్ళు కూడా కూర్చుని తింటారని చెప్పాడు.

“మా దగ్గర గూడ గంతే. తూకం దేవునికి చూపిస్తం, తినుడు జనం తింటరు. నువ్వు తీస్కోకు. నీ గోపురం నీడల కూసొని మేమే పంచుతం. నీకేమన్న తక్లీఫా?”

ఆయన పైకి చూసి, కింద పరుచుకున్న నీడను చూసి నవ్వాడు. నీడకు తాళం వేసే అధికారం తనకు లేదన్నాడు. నేను అంతసేపూ ఎంత తీసుకుంటావని అడిగాను. ఎవరు తింటారని అడగాలని నాకు తట్టలేదు.

ఇక నా వంతు అనుకున్నాను. వస్తువును జనం చేతుల్లో పెట్టడమే కదా నా పని. ఒక సంచి మూతి విప్పి, చర్చిలోంచి బయటికి వస్తున్న ఒక జంట ముందు బెల్లం ముక్క పట్టాను. “కిత్నా?” అన్నాడు అతను. ఊరికే అన్నాను. ఊరికే అనగానే భార్య చెయ్యి పట్టుకుని వడివడిగా నడిచాడు. ఇంకొకాయన ఇది ఏ కంపెనీ ప్రచారమని అడిగాడు. నల్లద్దాల ఆవిడ షుగర్ అని చెప్పి తప్పుకుంది, చేతిలో ఐస్‌క్రీమ్ ఉంది. ఒక కుర్రాడైతే తీసుకుని, వాసన చూసి, మర్యాదగా నా చేతిలోనే తిరిగి పెట్టాడు. అమ్మితే ఎగబడే జనం ఊరికే ఇస్తామంటే పారిపోతున్నారు. నేనే అయినా అంతే కదా, ఊరికే ఇచ్చే మనిషిని చూస్తే ముందు నా పర్సు తడుముకుంటాను.

సాయంత్రం మా బండి. సంచులు అలాగే ఉన్నాయి. నేను అరుగు మీద కూర్చుని దుకాణం తెలివిని కాస్త బయటికి తీశాను. ఎంతైనా తీసుకోమంటే ఎవరికీ అక్కర్లేదు. మనిషికి ఒకటే, వరుసలో రావాలి అంటే ఎక్కడలేని గిరాకీ వస్తుంది. పండుగ ముందు మంచినూనె ప్యాకెట్లు మేం అలాగే అమ్ముతాం.

లేచి అరిచాను. నా గొంతు గల్లాకు ఇవతలి నుంచి అవతలికి వినబడేంతే. నది గాలికి అది అరుగు కూడా దాటలేదు. మళ్ళీ అరిస్తే దగ్గు వచ్చింది.

బిడ్డ నన్ను చూసింది, తర్వాత అవ్వను చూసింది. అవ్వ అటూ ఇటూ కదిలింది. మొక్కు తీరందే పోరి ఒర్రొద్దు. పోరి ఒర్రందే మొక్కు తీరదు. ఆ ముడి విప్పడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో నాకు గుర్తులేదు. సంచుల వంక చూసింది, గోపురం పైకి చూసింది, పైన ఉన్నాయనకు ఏదో నచ్చజెప్పుకుంటున్నట్టు పెదవులు కదిపింది.

“ఆయన పనికే గదా వాడేది” అంది చివరికి. “పో బిడ్డా. ఒర్రు.”

నా బిడ్డ అరుగు ఎక్కి నిలబడింది. చలికాలం నుంచి దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

“ఆవో ఆవో, మంచిర్యాల్‌కా గుడ్ ఆవో. ఏక్ ఆద్మీకో ఏకీచ్. లైన్‌మే ఆవో, ఖతమ్ హోజాతా, జల్దీ ఆవో.”

గుడ్ అంటే బెల్లం, మంచిర్యాలలో దాన్ని వండరు. అయినా ఆ కేక గోపురానికి తగిలి, చర్చి గోడకు తగిలి, రెండింతలై తిరిగొచ్చింది. కమానుల్లోని పావురాలన్నీ లేచాయి. టూరిస్టు బస్సు దిగుతున్నవాళ్ళు అటు తిరిగారు. ముందు ఇద్దరు వచ్చారు, ఇద్దరిని చూసి పదిమంది, పదిమందిని చూసి మిగతావాళ్ళు. వరుస గోపురం చుట్టూ తిరిగి తలుపు దాకా పోయింది. షుగర్ ఉన్నావిడ కూడా వచ్చి నిలబడింది, ఇంట్లోవాళ్ళకని చెప్పింది. టోపీ మార్చుకుని రెండోసారి వచ్చిన ఒకాయనను పిల్ల పట్టేసింది. “నువ్వు గిప్పుడే తీస్కున్నవ్” అని తెలుగులోనే గదమాయించింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల దించుకుని వెళ్ళిపోయాడు.

నేను ముక్కలు అందిస్తున్నాను, అవ్వ పంచుతోంది. ప్రతి ముక్కనూ పిల్ల తల వైపు చూపించి, అప్పుడే చేతిలో పెడుతోంది. చేపల గంప దించి ఒకావిడ తీసుకుంది, బస్సు డ్రైవర్ తీసుకున్నాడు, పారిపోయిన జంట తిరిగొచ్చి తీసుకుంది. వరుస చివర క్యాన్వాస్ బూట్లు కనబడ్డాయి. ఫాదర్ తన వంతు వచ్చేదాకా నిలబడి, రెండు చేతులూ చాచి తీసుకుని, అక్కడే నోట్లో వేసుకున్నాడు. సరుకు మేలైనదేనని నాతో హిందీలో చెప్పాడు. బేరంలో ఓడిపోయాక దొరికిన మెప్పు అది, వదులుకోలేదు, తీసుకున్నాను.

చివరి సంచి అడుగు కనబడుతుండగా ఆయన గోపురం తలుపు తీశాడు. గంట కొట్టే వేళయిందని, కొట్టాక పిల్లను పైకి తీసుకెళ్ళి చూపించమని చెప్పాడు. అవ్వకు మోకాళ్ళు సహకరించవు, కిందే ఉంటానంది. నల్లబట్టలు కట్టుకున్న ఒక ముసలావిడ బెల్లం చప్పరిస్తూ ఆమె పక్కన అరుగు మీద కూర్చుని అప్పటికే కబుర్లలో పడింది.

ఫాదర్ కింద తాడు లాగితే పైన గంట మోగింది. ఆ మోత చెవుల్లోకి కాదు, అరికాళ్ళలోకి వచ్చింది. మోత ఆగాక మేం ఎక్కాం. మెట్లు ఇరుకు, రాయి చల్లగా ఉంది, ఎంత ఇరుకైనా మలుపు మలుపుకూ ఒక చిన్న కిటికీ, కిటికీలో గాలి. నేను ప్రతి కిటికీ దగ్గరా వెనకటి మనుషుల పనితనం చూస్తున్నట్టు నటిస్తూ ఆయాసం తీర్చుకున్నాను. పిల్ల మాత్రం మాట్లాడుతూనే ఎక్కింది.

పైకి చేరాక గంట పక్కనే నిలబడ్డాం. నది ఎక్కడ సముద్రంలో కలుస్తుందో కనబడింది. పడవలు, కొబ్బరి తలలు, ఎర్రటి పెంకుల ఇళ్ళు. కింద అవ్వ, తెల్లటి ఆవరణలో నీలి చీర.

“అమ్మా, ఇగ ఎంత పెద్దగైనా ఒర్రొచ్చా?”

“మీ అమ్మమ్మనే అడుగు.”

కమానులోంచి తల బయటపెట్టి, ఛాతీ నిండా గాలి పీల్చుకుని అడిగింది. “అమ్మమ్మా, అయిపోయిందా?”

అవ్వ తల ఎత్తింది. ఖాళీ సంచి అందుకుని, తలకిందులు చేసి, గట్టిగా దులిపింది. రాలిన పొడి మీదికి పావురాలు దిగాయి. పిల్ల ఇంకోసారి అరిచింది, ఊరికే, మాటలు లేకుండా, గొంతు ఎంత దూరం పోతుందో చూద్దామన్నట్టు. ఆవరణలో అందరూ పైకి చూశారు. నేను అవ్వ చేతి వైపు చూశాను. ఆ చెయ్యి పెదవుల మీదికి పోలేదు. ఎండ పడకుండా కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆమె పైకి చూస్తూ ఉంది.

మేం దిగి వచ్చేసరికి అవ్వ ఆ నల్లబట్టల ముసలావిడతో మరాఠీలో గడగడా మాట్లాడుతోంది, మాటిమాటికీ పైకి వేలు చూపిస్తోంది.

“ఏం చెప్తున్నవ్ అవ్వా?”

“ఏం లేదు” అంది, సంచి మడతపెట్టుకుంటూ. “గా పైనుంచి ఒర్రింది మా మన్మరాలే అని చెప్తున్న.”